ఎవడి ప్రశ్నకి మనం జవాబు చెప్తున్నాం?

మన వాడల్లో చదువుకున్న కుర్రాళ్ల చేతుల్లో ఒక రకం పుస్తకాలు బాగా కనబడుతున్నాయి. విజయం సాధించడం ఎలా, భయాన్ని పోగొట్టుకోవడం ఎలా, ఆత్మవిశ్వాసం పెంచుకోవడం ఎలా అని చెప్పే పుస్తకాలు. పుస్తకం కొనలేని వాళ్లకి ఫోనులోనే ఉపన్యాసాలున్నాయి. అన్నిటి సారం ఒకటే. భయం నీ బుర్రలో ఉంది, నువ్వే తీసి పారెయ్. న్యూనత నీ లోపం, నువ్వే దిద్దుకో. పొద్దున్నే అద్దం ముందు నిలబడి నేను గెలుస్తాను, నేను గెలుస్తాను అని పది సార్లు అనుకో.

మేం అడుగుతున్నాం. ఊళ్లో పెద్దల అరుగు ముందుకి రాగానే సైకిలు దిగి నడిచే ముసలాయన భయం ఆయన బుర్రలో మొలిచిందా? భుజం మీద తువ్వాలు తీసి చంకలో పెట్టుకోవడం, చెప్పులు చేత పట్టుకోవడం, "నీ బాంచెను దొరా" అని వంగడం ఆయన తన సొంత తెలివితో కనిపెట్టాడా? తరతరాలు కొట్టి నేర్పిన విద్య అది. కొట్టినవాణ్ణి వదిలేసి, దెబ్బ తిన్నవాడి వీపుకి వ్యక్తిత్వ వికాసం నేర్పుతామంటే నవ్వొస్తుంది. నవ్వుకంటే ముందు కోపమొస్తుంది.

అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. ఇది మనవాళ్లకి అంత రుచించకపోవచ్చు. ఆ పుస్తకాల మీద కోపంతో ఉద్యమంలో చాలామంది రెండో కొసకి పోయి కూచున్నారు. అంతా వ్యవస్థే, అంతా మనువాదమే, అది కూలితే మనసులో ముడులన్నీ వాటంతటవే విడిపోతాయి అంటారు. లోపలికి చూసుకుందాం అంటే అది బాబాల పని, ధ్యానాల పని అని హేళన చేస్తారు. సరే, వ్యవస్థ కూలేదాకా మన పిల్లాడు క్లాసులో చివరి బెంచీలోనే కూచోవాలా? కూలే రోజున దాన్ని కూల్చే చెయ్యి ఎక్కణ్ణుంచి వస్తుంది? చెయ్యి లేవాలంటే ముందు అది నాదేనని వాడికి అనిపించాలి గదా!

భయం గురించి మాట్లాడేటప్పుడు మన సభల్లో "భయపడొద్దు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అది అన్యాయం. ఒక ఇంట్లోనే చూడండి. తల్లి ఆసామి పొలంలో కూలికి పోతుంది. మొన్న కూతురి పెళ్లికి చేసిన అప్పు అక్కడే. ఇంటి స్థలం పట్టా కాగితం మీద సంతకం పెట్టించేది అక్కడి మనిషే. ఆమె నోరు విప్పకపోతే అది పిరికితనం కాదు, లెక్క. రేపు పని పోతుంది, వడ్డీ పెరుగుతుంది అని ఆమెకి తెలుసు. ఆ లెక్క తప్పని చెప్పే హక్కు మైకు ముందు నిలబడ్డ మనకి లేదు. కొడుకు సంగతి వేరు. విశాఖపట్నంలో ఉద్యోగం, నెల జీతం, మోటారు సైకిలు. ఆసామి దగ్గర అతనికి పైసా బాకీ లేదు, సెంటు కౌలు లేదు. పండక్కి ఊరొస్తాడు. ఆ అరుగు దగ్గరికి రాగానే అతని చెయ్యి దానంతటదే బండి వేగం తగ్గిస్తుంది. ఎవడూ ఆపలేదు. ఎవడూ తిట్టలేదు. ఒక్కోసారి అరుగు మీద ఎవడూ ఉండడు కూడా!

తల్లి భయానికి చిరునామా ఉంది. అప్పు కాగితం, కూలి, పట్టా. దానికి కావలసింది సంఘం, భూమి, కోర్టు. కొడుకు భయానికి చిరునామా చెరిగిపోయింది, వంగడం మాత్రం మిగిలింది. దానికి కావలసింది అతను తనని తాను ఒక ప్రశ్న అడుక్కోవడం. "నాకెందుకు భయం?" అని అడిగితే లాభం లేదు. ఆ ప్రశ్న మళ్లీ అతన్నే ముద్దాయిని చేస్తుంది. "ఇప్పుడు నేను దిగకపోతే నాకు జరిగేదేంటి? అది చేసేదెవడు? వాడి చేతిలో నాది ఏముంది?" అని అడగాలి. జవాబు ఏమీ లేదని వస్తే బండి పోనివ్వాలి. ఏదో ఉందని వస్తే అదేంటో నలుగురితో కలిసి తేల్చాలి. ఈ రెండు భయాల్నీ కలిపి ఒక్కటే అనుకోబట్టే మనం ఆ తల్లిని అవమానిస్తున్నాం, ఆ కొడుకుని వెనకేసుకొస్తున్నాం.

బాబాసాహెబ్ అంబేద్కర్ జీవితాన్ని మనవాళ్లు చదువు, డిగ్రీలు, రాజ్యాంగం అని చెప్పుకుంటారు. ఆయన ప్రశ్నలు మార్చిన మనిషి అని చెప్పుకోవడం తక్కువ. 1916 మే నెలలో కొలంబియా యూనివర్సిటీలో పాతికేళ్ల కుర్రవాడిగా కులం మీద వ్యాసం చదివాడు. మేం ఎందుకు తక్కువ అని ఆయన అందులో అడగలేదు. ఈ కులం అనే యంత్రం దేనితో నడుస్తోంది, దీన్ని విడిపోకుండా పట్టి ఉంచుతున్న మేకు ఏది అని అడిగాడు. కులం లోపలే పెళ్లి అనే కట్టడి దగ్గర ఆ మేకు దొరికింది. ఆ తర్వాత 1946లో శూద్రులు ఎవరు అని ఒక పుస్తకం, 1948లో అంటరానివారు ఎవరు, వాళ్లు అంటరానివారు ఎందుకు అయ్యారు అని ఇంకో పుస్తకం. పేర్లే ప్రశ్నలు. అంటరానితనం పుట్టుకతో వచ్చిందనే మాటని ఆ "ఎందుకు అయ్యారు" అనే రెండు ముక్కలు నిలువునా చీల్చాయి. అయ్యారు అంటే ఒకప్పుడు కారు. ఒకప్పుడు కానివాళ్లు రేపు కాకుండా పోవచ్చు. ఆయన చెప్పిన జవాబుతో, ఆ చెదిరిపోయిన మనుషుల సిద్ధాంతంతో, చరిత్రకారులు విభేదిస్తే విభేదించనీ. ఆ ప్రశ్నని మాత్రం మళ్లీ వెనక్కి తోసినవాడు లేడు.

మహద్ చెరువు సంగతి ఇంకా బాగా ఆలోచించాలి. బొంబాయి శాసనమండలి 1923లోనే ప్రజల సొమ్ముతో నడిచే చెరువులు, బావులు అంటరానివాళ్లకీ తెరవాలని తీర్మానం చేసింది. 1924లో మహద్ మునిసిపాలిటీ తన చెరువు తెరిచామని ప్రకటించింది. కాగితం మీద చెరువు మనదే. అయినా 1927 మార్చి 20 దాకా చవుదార్ చెరువు నీళ్లలో మన చెయ్యి పడలేదు. మూడేళ్లు! మధ్యలో ఉన్నదేంటి? సవర్ణుల కర్ర ఉంది, అది నిజం. నీళ్లు తాగి వెనక్కి వస్తున్న జనాన్ని ఆ రోజే వీధుల్లో పట్టుకుని కొట్టారు. తర్వాత చెరువులో పేడ, మూత్రం, పాలు, పెరుగు 108 కుండలు పోసి శుద్ధి చేశామన్నారు. పేడతో శుద్ధి అయ్యే నీళ్లు మనిషి చేత్తో మైలపడతాయట, ఆ శాస్త్రం వాళ్లకే తెలియాలి.

కర్ర ఒక్కటే అయితే అంతమంది జనం మూడేళ్లు ఆగరు. "నీళ్లు ముట్టుకోనిస్తారా?" అనే ప్రశ్న లోపల కూచుని ఉంది. ముట్టుకోనిచ్చేవాడు ఒకడున్నాడని ఆ ప్రశ్నే ఒప్పుకుంటోంది. మహద్‌లో అంబేద్కర్ ఆ ప్రశ్నని పక్కన పెట్టించాడు. నీళ్లకి కరువై కాదు, మేమూ మనుషులమేనని చెప్పడానికి చెరువుకి పోతున్నాం అన్నది ఆ ఉద్యమం. డిసెంబరులో మళ్లీ అక్కడే కలిసినప్పుడు మనుస్మృతిని తగలబెట్టారు. ఆ సభకి వచ్చిన ఆడవాళ్లతో ఆయన చీర కట్టు గురించి, నగల గురించి మాట్లాడాడు. చూడగానే ఫలానా కులం అని తెలిసేలా కట్టే కట్టు, పెట్టే కడియాలు వదిలెయ్యమన్నాడు. చెరువు పోరాటానికీ చీర కట్టుకీ సంబంధమేంటని ఎవరైనా అడగొచ్చు. ఒంటి మీద ఉన్న గుర్తుని రోజూ మన చేత్తోనే మనం కట్టుకుంటున్నాం అన్నది ఆ సంబంధం. చెరువు కేసు మాత్రం కోర్టుల్లో పదేళ్లు నడిచి 1937లో బొంబాయి హైకోర్టులో గెలిచింది.

అంత దూరం పోనక్కర్లేదు. మన బెజవాడలోనే 1917లో పంచముల సభ పెట్టారు. అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ. మమ్మల్ని బాగా చూడండి అని ఆయన ఎవర్నీ బతిమిలాడలేదు. ఈ పంచమ అనే మాట ఎక్కడిది అని అడిగాడు. వర్ణాలు నాలుగే అంటారు, ఈ అయిదోది ఎవరు పెట్టారు? ఈ నేల మీద మొదటినుంచీ ఉన్నవాళ్లం మేమైతే అయిదోవాళ్లం ఎట్లా అవుతాం? పంచమ సభగా పిలిచిన సభ ఆది ఆంధ్ర సభగా ముగిసింది. ఆ పేరు సర్కారు కాగితాల్లోకి ఎక్కింది, ఇవాళ్టికీ ఎస్సీల జాబితాలో ఉంది. ఒక ప్రశ్న ఒక జాతి పేరు మార్చింది.

ఇప్పుడు మన పిల్లల సంగతికి వద్దాం. కాలేజీలో చేరిన మొదటి వారం. "నీ ర్యాంకెంత?" అని అడుగుతారు. అది ర్యాంకు కోసం అడిగే ప్రశ్న కాదని అడిగినవాడికీ తెలుసు, మనవాడికీ తెలుసు. పాతకాలంలో కోస్తాలో "మీరేవిట్లు?" అనేవాళ్లు, ఇప్పుడు ర్యాంకు అంటున్నారు, అంతే తేడా. మనవాడు అంకె చెప్పి తల దించుకుంటాడు. రాత్రి హాస్టల్లో పడుకుని "నేను దీనికి తగినవాణ్ణేనా?" అని తనని తాను అడుక్కుంటాడు. ఆ ప్రశ్న వాడిది కాదు. పొద్దున వాడి చెవిలో వేసినదాన్నే రాత్రి వాడు తన గొంతుతో వల్లె వేస్తున్నాడు. లోపలికి చూసుకోవడం అంటే మొదటి పని ఇదే: లోపల మాట్లాడుతున్న గొంతు ఎవరిదో పోల్చుకోవడం.

ఆ తర్వాత వేరే ప్రశ్నలు వస్తాయి. ఈ తరగతిలో ఇంట్లో మొదట బడి మొహం చూసింది ఎంతమంది? కోచింగుకి లక్షలు పోసింది ఎంతమంది? మేనేజిమెంటు కోటాలో డబ్బు కట్టి చేరినవాణ్ణి ర్యాంకు అడిగి నవ్వినవాడు ఎవడైనా ఉన్నాడా? ఇంకా మంచి ఉదాహరణ ఉంది. 2019లో రాజ్యాంగాన్ని సవరించి ఎస్సీ, ఎస్టీ, బీసీలు కాని వాళ్లలో పేదలకి పది శాతం ఇచ్చారు. ఏడాదికి ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లంతా అక్కడ పేదలే. 2022 నవంబరులో సుప్రీంకోర్టు సరేనంది. ఆ పది శాతంలో చేరిన పిల్లాడు ఎక్కడైనా తల దించుకోగా చూశారా? ప్రతిభ చచ్చిపోయిందని వాడి ముందు ఏడ్చినవాడున్నాడా? అదే కాలేజీ, అదీ రిజర్వేషనే. అంటే సిగ్గు రిజర్వేషనులో లేదన్నమాట. కులంలో ఉంది. ఈ ఒక్క ముక్క మన పిల్లాడికి అర్థమైతే సగం బరువు దిగిపోతుంది. మిగతా సగానికి సీనియర్లు ఉండాలి, ట్యూషను ఉండాలి, స్కాలర్‌షిప్పు టైముకి రావాలి. ధైర్యం చెప్పి చేతులు దులుపుకుంటే చాలదు.

వాళ్లు ప్రశ్నని ఎట్లా మారుస్తారో హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో చూశాం. అయిదుగురు దళిత విద్యార్థుల్ని హాస్టలు నుంచి బయటికి పంపారు. వాళ్లు ఆరుబయట వెలివాడ అని పేరు పెట్టుకుని ఉన్నారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల ఉరేసుకున్నాడు. దేశం అడగాల్సిన ప్రశ్న, చదువుకునే పిల్లల్ని వెలివేసింది ఎవరు, నెలల తరబడి ఫెలోషిప్పు ఆగింది ఎందుకు అని. వాళ్లు అడిగిన ప్రశ్న, చచ్చిపోయినవాడి అసలు కులమేంటి అని. కేంద్రం వేసిన ఏకసభ్య కమిషనూ అదే తవ్వింది, 2024లో పోలీసుల ముగింపు రిపోర్టూ అదే తవ్వింది. మనం ఏం చేశాం? చాలామందిమి సర్టిఫికెట్లు పట్టుకుని ఆ ప్రశ్నకే జవాబు చెప్పుకుంటూ కూచున్నాం. జవాబు చెప్పొద్దని మేం అనడం లేదు, కోర్టులో చెప్పక తప్పదు. కానీ వీధిలో, సభలో, మన పత్రికలో కూడా వాడి ప్రశ్నే ఎందుకు మొదటి పేజీ కావాలి?

పేరు సంగతి కూడా ఇట్లాంటిదే. పట్నంలో అద్దె ఇల్లు కోసం పోతే ఇంటావిడ "మీరేవిట్లు?" అంటుంది. మనవాళ్లు "క్రిస్టియన్లమండీ" అంటారు, లేదంటే ఏదో గొణుగుతారు. దాన్ని అబద్ధం అని తిట్టే ముందు ఇల్లు లేకుండా రెండు నెలలు తిరిగినవాణ్ణి అడగాలి. అంబేద్కరే పెద్ద చదువు చదివి వచ్చి బరోడాలో పార్సీ పేరుతో పార్సీల సత్రంలో ఉండాల్సి వచ్చింది. సంగతి బయటపడి కర్రలతో వచ్చి గెంటేశారు. దాచుకోవడం బతుకుతెరువు. ఐతే దాచీ దాచీ ఒకనాటికి మనకి మనమే దాక్కుంటాం. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైనప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. తిట్టుగా వాడే మాటని పేరు చివర తగిలించుకున్నారు. ఆఫీసుల్లో, బస్టాండుల్లో, గోడల మీద మాదిగ అనే మాట పెద్దక్షరాలతో కనబడింది. రెడ్డి, చౌదరి, శర్మ, రావు అని వాళ్లు పెట్టుకుంటే పేరు, మేం పెట్టుకుంటే కులగజ్జి ఎట్లా అవుతుంది అన్న ప్రశ్న ఆ ఒక్క తోకలో ఉంది. వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, ఆ పని మనసుకి చేసిన మేలు మాలలు కూడా ఒప్పుకోవాలి.

ఆ వర్గీకరణ దగ్గరికి వచ్చాం కాబట్టి చెప్తున్నాం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు 2004 నాటి తన తీర్పుని పక్కకి పెట్టి రాష్ట్రాలు వర్గీకరించుకోవచ్చు అంది. వాటా లెక్క తేలాల్సిందే, తక్కువ అందినవాళ్లకి అందాల్సిందే. కానీ లెక్క తేలాక కూడా అడగాల్సినవి మిగిలే ఉన్నాయి. మాలపల్లెలో మాదిగ పిల్లని కోడలిగా తెచ్చుకున్న ఇళ్లు ఎన్ని? మాదిగ గూడెంలో డక్కలివాళ్లు అడుక్కోవడానికి వస్తే ఇంటి లోపల కూచోబెట్టి అన్నం పెట్టేది ఎవరు? రెల్లివాళ్ల పక్కన కూచుని టీ తాగుతామా? హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి మీద కేసులు పెట్టాం, మంచిదే. మన చూరు కింద ఉన్న రెండో గ్లాసు మీద కేసు ఏ సెక్షను కింద పెట్టాలి? అగ్రకులాలు దీన్ని చూపించి "మీలో మీకే ఉంది గదా" అని పళ్లికిలిస్తాయి. ఇకిలించనీ. మెట్లు కట్టింది వాళ్లే, మనం మెట్టు మీద నిలబడ్డాం. కింది మెట్టు మీదివాణ్ణి చూసి ఊరట పొందడం వాళ్లు మనకిచ్చిన కూలి. అంతకంటే చవక కూలి ఇంకోటి లేదు.

సర్పంచి ఆడకూతురు సంగతి చెప్పి ముగిస్తాం. రిజర్వేషనులో గెలిచిన దళిత స్త్రీ పంచాయతీ ఆఫీసులో నేల మీద కూచుంటే, మన యువకులు పోయి "కుర్చీలో ఎందుకు కూచోలేదమ్మా, పరువు తీశావు" అంటారు. ఇది దొర గొంతే, మన నోటితో. ఆమెను అడగాల్సింది అది కాదు. చెక్కు పుస్తకం ఎవరి దగ్గరుంది, సంతకం ఎక్కడ పెట్టించుకుంటున్నారు, నామినేషను ఖర్చు ఎవరు పెట్టారు, ఆ రోజు కుర్చీలో కూచున్నది ఎవరు అని అడగాలి. ఇంకో ప్రశ్న ఆమెని కాదు, మనల్ని మనం అడగాలి: ఆమె ఆఫీసుకి పోయిన రోజు తోడుగా గూడెం నుంచి ఎంతమంది పోయారు? 1985 జులై 16న కారంచేడు చెరువు దగ్గర తాగే నీళ్లు పాడు చేయొద్దన్నందుకు కొట్టడానికి వచ్చినవాళ్ల మీదికి మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు ఆరుగురిని పొట్టన పెట్టుకున్నారు. బతికినవాళ్లు చీరాల చేరారు. అక్కడ వాళ్లని "ఊరికి ఎప్పుడు తిరిగి పోతారు?" అని అడిగినవాళ్లే ఎక్కువ. ఎందుకు పోవాలి అని వాళ్లు తిరిగి అడిగారు. చీరాలలోనే ఉండిపోయారు, విజయనగర్ కాలనీ లేచింది. ఆరేళ్లకి 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికారు. వాళ్లు ఊరు వదల్లేదు, శవాల్ని ఊరి నడిబొడ్డున పాతిపెట్టి కోర్టే మా ఊరికి రావాలన్నారు. వచ్చింది. 2007లో ఆ ఊళ్లోనే శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. వదిలేసిన తీర్పు గురించి ఈ పేజీలో రాస్తే చోటు చాలదు.

మేం ఒక పని సూచిస్తున్నాం. వచ్చే ఏప్రిల్ 14న విగ్రహానికి దండ వేసి, ఉపన్యాసాలు విని, పులిహోర పొట్లం తీసుకుని ఇంటికి పోయే ముందు ఒక గంట కూచుందాం. మైకు వద్దు, మైకుంటే ఎప్పుడూ ఆ ముగ్గురే మాట్లాడతారు. ఒక్కొక్కరూ ఈ ఏడాదిలో తాము వంగిన చోటు ఒకటి చెప్పాలి, అక్కడ తమ చేతిని పట్టి ఉంచింది అప్పా, కూలా, కేసా, ఉత్త అలవాటా చెప్పాలి. అప్పు అయితే రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం, లెక్క తెలిసిన పిల్లాడు ఒకడు ఉండాలి. ముందు ఆడవాళ్లు మాట్లాడాలి. ఆ పూట వంట మగాళ్లు చూసుకుంటారు.